గేటు వేసిన కాకోలిని

ముందు కాకోలిని ఎవరో చెప్పాలి. ఆవిడ మంత్రగత్తె. గోదావరి నడిమధ్య ఒక నల్లటి లంకలో వెయ్యి కాకుల్ని పెంచుకుంటూ ఉండేది. మా నాన్న చిన్నతనంలో, రాజమండ్రిలో అచ్చయ్యే ఒక పిల్లల మాసపత్రికలో 'రణధీర' అనే బొమ్మల కథ పదకొండేళ్లపాటు వచ్చింది. అందులో రణధీరుడు హీరో, కాకోలిని విలన్. నేను పుట్టేనాటికే పత్రిక మూతపడింది గాని, నాన్న సంచికలన్నీ బైండు చేయించి దాచారు. తణుకులో మా మేడ మీద గదిలో బోర్లా పడుకుని వాటిని చదివి చదివి, నాకు రణధీరుడంటే విసుగొచ్చింది, కాకోలిని అంటే ఇష్టం పెరిగింది. అతను ప్రతి నెలా గెలిచేవాడు. ఆవిడ ప్రతి నెలా ఓడిపోయి, మళ్లీ ఒకటో తారీకుకల్లా కొత్త పన్నాగంతో తయారయ్యేది.

మూడేళ్ల కిందట ఏప్రిల్లో, నేను ఇంటి నుంచే పనిచేస్తున్న హైదరాబాద్ కంపెనీ ఒక శుక్రవారం మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టి మా టీమునంతా ఇంటికి పంపేసింది. ఇంట్లోనే ఉన్నవాళ్లను ఇంటికి పంపడమేంటని నవ్వుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఎనిమిదో రోజున, ఎన్నాళ్లనుంచో చేద్దామనుకుని వాయిదా వేస్తున్న పని మొదలుపెట్టాను. కాకోలిని మీద ఒక వీడియో గేమ్. ఆడేవాళ్లు కథలో ఒక పాత్రగా మారిపోయి, ఊళ్లూ కోటలూ తిరుగుతూ, ఎదురైనవాళ్లతో మాట్లాడుతూ, అవసరమైతే యుద్ధం చేస్తూ ముందుకు వెళ్లే రకం. నా గేమ్‌లో ఆ పాత్ర రణధీరుడు కాదు, కాకోలిని. ఎవరూ అడిగింది కాదు, అమ్ముకునేది కాదు. అభిమానం, అంతే.

అప్పటికి నా పెళ్లయి రెండేళ్లు. మా అత్తవారి ఊరు భీమవరానికి ఆరు కిలోమీటర్లు. మావయ్యగారు కృష్ణంరాజు గారు, మా ఆయన శ్రీనివాసరాజు గారు పొద్దున్నే రొయ్యల చెరువుల మీదికి వెళ్తే మళ్లీ మధ్యాహ్నం భోజనానికే రావడం. ఇంట్లో మిగిలేది నేనూ, అత్తయ్యగారు సుభద్రమ్మ గారూ. మా రాజుల ఇళ్లల్లో ఉయ్యాల్లో పిల్లల్ని కూడా 'అండి' అంటారు, కోడలిని నన్ను 'మీరు' అనడంలో వింతేమీ లేదు. రెండేళ్లలో ఆవిడ నాతో కోపంగా ఒక్క మాట అనలేదు. దగ్గరగానూ ఒక్క మాట అనలేదు.

ఒక రోజు గదిలో ఏసీ పాడయితే ల్యాప్‌టాప్ తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. తెర మీద నల్ల చీర, విరబోసుకున్న జుట్టు, భుజం మీద కాకి. బొటనవేలంత బొమ్మ. దానికి నడక నేర్పుతున్నాను. అత్తయ్యగారు మామిడి ముక్కల పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టబోయి ఆగిపోయారు.

"ఇది కాకోలిని కదండీ?"

నేను తలెత్తి చూశాను. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని తెర దగ్గరికి వంగారు.

"కాకి ఎడమ భుజం మీదుండాలమ్మా. కుడి చేత్తో మంత్రదండం పట్టుకుంటుంది కదా, కుడి భుజం మీదుంటే కాకి బెదిరిపోదూ?"

"మీకు కాకోలిని తెలుసా అత్తయ్యగారూ?"

"తెలియడమేంటండి!" అని నిటారుగా నిలబడి, ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని, నేనెప్పుడూ వినని గొంతుతో అన్నారు. "'ఓరి రణధీరా! నీ కత్తికి పదునెక్కువ, బుద్ధికి తక్కువ! లంక దాటి పోగలవా?'"

వంటింట్లోంచి పనిమనిషి లోవలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. "ఏంటండమ్మగారూ, ఎవర్నండీ?" అని. అత్తయ్యగారు సిగ్గుపడి పైట సర్దుకున్నారు. నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. రెండేళ్లలో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

పెనుగొండ దగ్గర ఆవిడ పుట్టిల్లు. పత్రిక పోస్టులో వచ్చిన రోజు ఆ ఇంట్లో ఇంకే పనీ జరిగేది కాదట. చదవడం అయిపోయాక పెరట్లో ఆట. "మా చెల్లెలు రణధీరుడు. నాకన్నా ఐదేళ్లు చిన్నది. దానికెప్పుడూ గెలవాలి, లేకపోతే ఏడుపు. అందుకని నేనెప్పుడూ కాకోలిని."

"మీకు చెల్లెలుగారున్నారా?" అన్నాను.

ఆవిడ పళ్లెం నా వైపు జరిపారు. "ముక్కలు తినండమ్మా, రంగు మారిపోతున్నాయి" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. "పిన్నిగారు మాణిక్యాంబ గారు. ప్రేమ్ కుమార్ గారని ఒక మేష్టార్ని పెళ్లి చేసుకున్నారు. వాళ్లు లూథరన్ చర్చివాళ్లు. అప్పుడు నేను ఇంకా కడుపులో ఉన్నానట. ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నారట తాతగారు, నాన్నగారి నాన్నగారు. తాతగారు పోయి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడూ ఎవరం ఎత్తం" అన్నారు.

"ఎక్కడుంటారు?"

"ఏమోనండి" అన్నారు. ఆయన గొంతులో దాపరికం లేదు. నిజంగానే తెలియదు.

మర్నాటినుంచి అత్తయ్యగారు భోజనాలవగానే కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చునేవారు. మొదటి రెండు రోజులూ చూశారంతే. మూడో రోజు నుంచి తప్పులు పట్టడం మొదలైంది. "ఇన్ని గదుల కోటలో వంటిల్లు లేదేంటమ్మా? వీళ్లు తినరా?" అంటే వంటిల్లు కట్టాను. దెబ్బలు తగిలితే బలం రావడానికి నేను ఎర్రటి సీసాలు పెట్టాను. ఆవిడ వాటిని తీయించేసి మామిడి తాండ్ర పెట్టించారు. కాకుల అరుపులు కావాలంటే డాబా మీద అన్నం మెతుకులు చల్లి, నా ఫోన్ పిట్టగోడ మీద పెట్టి, గంటసేపు ఎండలో కాపలా కూర్చున్నారు. ఆ రికార్డింగులో కాకులతోపాటు, మధ్యలో ఎక్కడో, "ఛీ, ఫోన్ని పొడవకు" అన్న ఆవిడ మాట కూడా ఉండిపోయింది. దాన్ని నేను తీసెయ్యలేదు.

పెద్ద చిక్కు తెలుగుతో వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌కి మన ఒత్తులు రావు. 'రాజ్యం' అని కొడితే అక్షరాలు దేనికది విడిపోయి, తప్పిపోయిన పిల్లల్లా నిలబడేవి. రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. చివరికి అత్తయ్యగారే అన్నారు. "నేను కాగితం మీద రాస్తాను, మీరు ఫొటో తీసి పెట్టెయ్యకూడదాండి?" అంతకన్నా మంచి ఉపాయం నాకు తట్టలేదు. అలా గేమ్‌లో మాటలన్నీ ఆవిడ చేతిరాతలోనే ఉన్నాయి. గుండ్రంగా, తలకట్లు కొంచెం పెద్దవిగా ఉండే రాత.

మే నెలలో మా ఇద్దరికీ పేచీ వచ్చింది. పత్రికలో కాకోలిని ఎందుకు చెడ్డదయిందో ఎక్కడా లేదు. పుట్టుకతోనే మంత్రగత్తె అన్నట్టు రాశారు. నా గేమ్‌కి ఆ గతం కావాలి. ఆమె పసితనంలో రాజభటులు తల్లిని చంపినట్టు, ఊరు వెలివేసినట్టు, ప్రేమించినవాడు మోసం చేసినట్టు ఆరు పేజీలు రాసి ఆవిడకిచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈవిడకి అందరూ అన్యాయమే చేశారు. మరి ఈవిడేమీ చెయ్యలేదాండి?"

"చేసింది కానండి, దానికొక కారణం ఉండాలి కదా. ఇప్పుడు విలన్లకి అందరూ ఇలాగే రాస్తున్నారు."

"కారణం ఉంటే తప్పు తప్పు కాకుండా పోతుందా?"

"అలా కాదండి, ఆడేవాళ్లకి ఆమె మీద జాలి కలగాలి."

"జాలి ఎందుకమ్మా? ఆవిడ అడిగిందా?" అని లేచి వెళ్లిపోయారు.

నాలుగు రోజులు కుర్చీ తెచ్చుకోలేదు. నేనూ పిలవలేదు; నాకూ కాస్త కోపంగానే ఉంది. ఐదో రోజు మధ్యాహ్నం వచ్చి, మడత పెట్టిన కాగితం ఒకటి నా ముందు పెట్టి నిలబడ్డారు.

అందులో ఇలా ఉంది. 'కాకోలినికి ఒక చెల్లెలు. రాజుగారి మాట కాదని చెల్లెలు నది దాటి వెళ్లిపోయింది. ఏణ్ణర్ధం తరువాత ఒక మధ్యాహ్నం వచ్చి నిలబడింది. పెద్దరాజుగారు నిద్రపోతున్నారు. చిన్నరాజుగారు భోజనం చేస్తున్నారు. కాకోలిని గేటు వేసింది.'

"బాగుందండి" అన్నాను. "గేటు అన్న మాట ఒక్కటే మార్చాలి. కోటకి గేటేంటి, కోట తలుపు అనాలి కదా?"

"మాది గేటేనండి" అన్నారు.

నా చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ఆవిడ కూర్చున్నారు. తెర వైపు చూస్తూ చెప్పారు, ఎవరికో కూరగాయల జాబితా చెప్తున్నట్టు.

"వీధిలో ఎండగా ఉంది. మనిషి లేడు. గేటు చప్పుడైతే నేనే వెళ్లాను. చిక్కిపోయింది. 'అక్కా' అంది. 'వెళ్లిపో మాణిక్యం, మావయ్యగారు లేస్తారు' అన్నాను. గేటు వేసి గడియ పెట్టాను. ఎవరూ వెయ్యమనలేదమ్మా. వాళ్లెవరికీ అది వచ్చినట్టే తెలీదు. ఉండటానికి చోటు అడుగుదామని వచ్చి ఉంటుంది పాపం, ఇంకెందుకొస్తుంది? నోరు తెరవనివ్వలేదు నేను."

"తర్వాత?"

"తర్వాతేముంది, లోపలికొచ్చి మజ్జిగ వడ్డించాను. 'ఎవరండి వచ్చింది?' అన్నారు మీ మావయ్యగారు. 'ఎవరూ లేరండి' అన్నాను."

నా ఆరు పేజీలూ అవతల పారేశాను. ఆ దృశ్యాన్ని ఆవిడ చెప్పింది చెప్పినట్టు కట్టాను. చెల్లెలు అడగబోయిందనుకున్న మాట కూడా ఆవిడే రాసిచ్చారు. కోటకి గేటే పెట్టాను. గేటు ముందుకి రాగానే ఆడేవాళ్లకి రెండు దారులిచ్చాను: తియ్యి, వెయ్యి. ఇలాంటి ఆటల్లో అది మామూలే. అత్తయ్యగారు దాన్ని చూసి, "ఈ మొదటిది ఎందుకమ్మా?" అన్నారు.

"ఆడేవాళ్ల ఇష్టం కదండీ. కొందరు తెరుస్తారు."

"ఆవిడ తెరవలేదు కదా. తెరిచినట్టు పెడితే అబద్ధం."

మొదటి దారి తీసేశాను. ఇప్పటికీ ఆ గేమ్ ఆడినవాళ్లు అక్కడ ఆగిపోయామని రాస్తుంటారు. మీట నొక్కితేగాని కథ ముందుకి వెళ్లదు, నొక్కితే గేటు పడుతుంది. అది పడ్డాక కాకోలినిని వంటింట్లోకి నడిపించి, మజ్జిగ గిన్నె తీయించి, రాజుగారికి వడ్డించాలి.

జూన్ నెలాఖరుకి ఆట పూర్తయింది. చిన్న తెర మీద అత్తయ్యగారికి కళ్లు లాగుతున్నాయంటే ల్యాప్‌టాప్‌ని హాల్లో టీవీకి కలిపాను. మొదటినుంచి చివరిదాకా ఒకసారి ఆడి చూద్దామని కూర్చున్నాం. ఆ రోజు చెరువులో రొయ్యల పట్టుబడి ముందే ముగిసిపోయి, మావయ్యగారు కూడా ఇంట్లోనే ఉన్నారు. పడక కుర్చీలో పేపర్ అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నారు. ఆయనకి ఇవన్నీ చిన్నపిల్లల ఆటలు. "అత్తాకోడళ్లు కలిసి ఏ రాజ్యం గెలిచారండి ఇవాళ?" అని నవ్వేవారు అప్పుడప్పుడు.

అత్తయ్యగారు ఒక్కో మీటా వేలితో వెతుక్కుని నొక్కుతూ గేటు దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా ఆ దృశ్యం మా ఇద్దరి మధ్యనే ఉంది. టీవీ అంత పెద్దదన్న సంగతి అప్పుడు తట్టింది. "ఇక్కడితో ఆపుదామా అత్తయ్యగారూ?" అన్నాను మెల్లగా. ఆవిడ వినిపించుకోలేదు. గేటు పడింది. కాకోలిని వంటింట్లోకి నడిచింది. గోడంత తెర మీద రాజుగారు పీట మీద కూర్చుని ఉన్నారు. అత్తయ్యగారి చేతిరాత వచ్చింది. 'ఎవరు వచ్చింది?'

ఆవిడ వేలు మీట మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కారు. 'ఎవరూ లేరండి.'

మావయ్యగారి పేపర్ కదల్లేదు. చాలాసేపు ఒక్క పేజీ కూడా తిరగలేదు. తర్వాత ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద ఉంచి, "రెండో చెరువులో ఏరియేటర్ మోటారు ఆగినట్టుంది, చూసొస్తాను" అని బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయారు. రెండో చెరువు మా ఇంటికి మూడు కిలోమీటర్లు.

మూడో రోజు పొద్దున్న కాఫీల దగ్గర ఆయనే అన్నారు.

"ఆదివారం అబ్బాయిగారికి పనేం లేదండి. పెద్దాపురం వెళ్లొస్తారా?"

"పెద్దాపురం దేనికండి?" అన్నారు అత్తయ్యగారు. "మరిడమ్మ జాతరకా?"

"జాతరా ఉంటుంది. గుడి దాటాక ఎడమ చేతి వైపు రెండో వీధి. పచ్చ కిటికీల డాబా. మాణిక్యాంబ గారి ఇల్లు."

అత్తయ్యగారు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"మీకెలా తెలుసు?"

"ప్రేమ్ కుమార్ గారు పోయినప్పుడు పేపర్లో వేశారు. వెళ్లి దండేసి వచ్చాను. ఐదేళ్లవుతోంది."

"నాకు చెప్పలేదు మీరు."

మావయ్యగారు గ్లాసు వైపు చూస్తూ అన్నారు. "ఆ రోజు గడియ పెట్టిన చప్పుడు విన్నానండి నేను. కిటికీలోంచి ఆవిడ వెళ్లడం కూడా చూశాను. ఎవరని అడిగితే మీరు ఎవరూ లేరన్నారు. మీకిష్టం లేదనుకున్నాను."

"మీకు ఇష్టం ఉండదని కదండీ నేను..."

మావయ్యగారు చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి లేచారు. గుమ్మం దాకా వెళ్లి మా ఆయనతో అన్నారు. "రాజానగరం మీదుగా వద్దండి, లారీలెక్కువ. జొన్నాడ దాటాక ద్వారపూడి వైపు తిరిగితే నీడ ఉంటుంది." మళ్లీ ఆగి, ఈసారి ఎవరి వైపూ చూడకుండా, "ఉండమంటే ఉండి రండి" అన్నారు.

ఆదివారం పెద్దాపురంలో జాతర జనం. కారు ఎక్కడో దూరంగా ఆపి నడవాల్సి వచ్చింది. పట్టపగలే వెలుగుతున్న రంగు దీపాల కింద, బూరలు ఊదుతున్న పిల్లల మధ్య, అత్తయ్యగారు వెంకటగిరి చీరలో తల వంచుకుని గబగబా నడుస్తుంటే నేను ల్యాప్‌టాప్ సంచితో వెనక పరుగెత్తాను. దాన్ని తెమ్మన్నది ఆవిడే. పచ్చ కిటికీల ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ తొంగి చూసి, "టీచరుగారు చర్చి నుంచి పన్నెండింటికి వచ్చేస్తారండి, కూర్చోండి" అంది. మెట్ల మీద కూర్చున్నాం.

ఆవిడ పన్నెండింటికి పది నిమిషాల ముందే వచ్చారు. తెల్ల చీర, భుజాన బైబిల్ సంచి, చేతిలో గొడుగు. సన్నగా, అత్తయ్యగారి కన్నా పొడుగ్గా ఉన్నారు. మమ్మల్ని చూసి వీధిలోనే ఆగారు. అత్తయ్యగారు లేచి నిలబడ్డారు. పక్కనే ఎవరో సైకిలు మీద ఐస్ అమ్ముకుంటూ వెళ్లాడు.

"బావగారు రాలేదా?" అన్నారు మాణిక్యాంబ గారు.

"రాలేదు."

"ఎండలో కూర్చున్నారేంటి, లోపలికి రండి" అని తాళం తీశారు. మా ఆయన్ని దాటుతూ ఒక్క క్షణం ఆగి చూశారు. "ఇంతవాడివయ్యావా" అన్నారు. నన్ను, "నువ్వు కోడలివా?" అని అడిగారు. పెళ్లయ్యాక నన్ను నువ్వు అన్నవాళ్లు ఆవిడే మొదలు. నాకెందుకో హాయిగా అనిపించింది.

లోపల మంచినీళ్లు, తర్వాత టీ, తర్వాత ఏమీ లేదు. గోడ మీద ప్రేమ్ కుమార్ గారి ఫొటో. అక్క ఫ్యాను వైపు, చెల్లెలు కిటికీ వైపు చూస్తూ, ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయని ఒకరు, అవునని ఒకరు. కూతురు ఆశాజ్యోతి కాకినాడలో నర్సుగా చేస్తోందని ఒకరు, మంచిదని ఒకరు. పావుగంటలో ఆ మాటలూ అయిపోయాయి. అప్పుడు అత్తయ్యగారు, నోటితో చెప్పలేక, "మంజుషమ్మా, ఆ కంప్యూటర్ తియ్యండి" అన్నారు.

తెర వెలగగానే మాణిక్యాంబ గారు ముందుకి వంగారు. "అయ్యో, కాకోలిని! రణధీరుడేడి?" అన్నారు చిన్నపిల్లలా. అంతలోనే మాటల పెట్టెలోని అక్షరాలు చూసి, "అక్క రాత" అన్నారు మెల్లగా.

ఆట ఆవిడకి ఐదు నిమిషాల్లో పట్టుబడింది. తాండ్ర చూసి నవ్వారు. కాకులతో మాట్లాడారు. నవ్వుతూ నవ్వుతూనే గేటు దగ్గరికి వచ్చేశారు. అవతల నిలబడ్డ చెల్లెలి మాట తెర మీద పడింది. 'అక్కా, నాకు ఉండటానికి చోటు లేదు. నాలుగు రోజులు ఉండనీ.'

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివారు.

"నేనిలా అన్నానా?"

"అనలేదు" అన్నారు అత్తయ్యగారు. "అననివ్వలేదు కదా నేను. అందుకే వచ్చావనుకున్నాను."

"నాకు చోటు లేకపోవడమేంటక్కా? రాజమండ్రిలో రెండు గదుల పోర్షను, ఇద్దరికీ ఉద్యోగాలు. నేనెందుకు అడుగుతాను?"

"మరెందుకొచ్చావు?"

మాణిక్యాంబ గారు మా ఆయన వైపు చెయ్యి చూపించారు. "వీడి మొదటి పుట్టినరోజుకి చొక్కా కుట్టాను. ఆ రోజే వస్తే చుట్టాల ముందు నీకు ఇబ్బందని, నాలుగు రోజులు ఆగి వచ్చాను. ఇచ్చేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోదామని."

వీధి చివర డప్పులు మొదలయ్యాయి. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆ చొక్కా ఏమైందండి పిన్నిగారూ?"

"తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో పక్కావిడ ఒళ్లో పిల్లాడుంటే వాడికి తొడిగేశాను. సరిగ్గా సరిపోయింది."

అత్తయ్యగారు చెయ్యి చాపి ల్యాప్‌టాప్ మూత దించబోయారు. చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టేశారు. "ఉండు, ఇంకా ఆడాలి. కోపం లేదనుకుంటున్నావేమో. ఉంది. పదేళ్లు గట్టిగా ఉంది. ఆ తర్వాత బద్ధకం వచ్చింది, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దామని. నీకూ అంతేనేమో." మీట నొక్కారు. గేటు పడింది. "మజ్జిగ వడ్డించాలా ఇప్పుడు? ఎక్కడుంది వంటిల్లు?"

"ఎడమ పక్కన" అన్నారు అత్తయ్యగారు.

మధ్యాహ్నం అక్కడే తిన్నాం. ఉండమని ఆవిడ అనలేదు, ఉంటామని మేమూ అనలేదు. బయల్దేరేటప్పుడు ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసిచ్చారు.

ఆగస్టులో నాకు వేరే ఉద్యోగం దొరికింది. గేమ్‌ని నెట్‌లో పెడితే మూడు వందల పైచిలుకు మంది ఆడారు. పెట్టేముందు ఆ చెల్లెలి మాట మాత్రం మార్చాను. ఇప్పుడు అత్తయ్యగారు నెలకోసారి పెద్దాపురం వెళ్తారు. మావయ్యగారు కారు దాకా వచ్చి ఏ దారిన వెళ్లాలో చెప్తారు. అక్కచెల్లెళ్లు ఫోన్లో రోజూ పోట్లాడుకుంటారు, ఎక్కువగా ఆవకాయలో ఉప్పు గురించి. ఆ పోట్లాటలు వింటున్నప్పుడల్లా నాకు ఆ ఆదివారం తిరుగు ప్రయాణం గుర్తొస్తుంది.

ద్వారపూడి దాటినా అత్తయ్యగారు వెనక సీట్లో నా పక్కన కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు. సాయంత్రం ఐదవుతుంటే జొన్నాడ దగ్గర వంతెన ఎక్కాం. కింద గౌతమి సగం ఇసుక, సగం నీళ్లు.

"మంజుషమ్మా, అది ఇచ్చిన నంబరు కలపండి" అన్నారు.

కలిపి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకున్నారు.

"మాణిక్యం, నేనే. ఇంకా చేరలేదు, వంతెన మీదున్నాం. ఏం లేదు. ఒకటి అడుగుదామని. ఆ చొక్కా ఏ రంగు?"

ముందు సీట్లో మా ఆయన కారు వేగం తగ్గించారు. వెనకొస్తున్న బస్సు హారన్ కొట్టి మమ్మల్ని దాటి వెళ్లింది. అవతల ఆవిడ ఏం చెప్పారో నాకు వినపడలేదు. ఒక్క రంగు పేరు చెప్పడానికి అంతసేపు పట్టదు. బట్ట ఎక్కడ కొన్నదీ, గుండీలు ఎలాంటివి వేసిందీ, అన్నీ చెప్పి ఉంటారు. అత్తయ్యగారు ఊఁ కొడుతూ విన్నారు. వంతెన అయిపోయి రావులపాలెం వచ్చేదాకా విన్నారు.

చివరికి అన్నారు, "అవునే. ఆ రంగు వీడికి బాగుండేది."